నిత్యకృత్యాలలో స్మృతి: బౌద్ధ సాధనపై ఒక పరిశీలన



గత విద్యా సంవత్సరంలో ఒకనాడు శాతవాహన యుగాన్ని గురించి పాఠం చెబుతూ 'సతిపట్ఠానం' అనే పాలి మాటను ప్రసంగవశాత్తూ వాడినాను. గంట కొట్టిన తరువాత చివరి బల్ల మీది విద్యార్థి ఒకడు లేచి నిలబడి, "సార్, పొద్దున కాలేజీ, మధ్యాహ్నం అమీర్‌పేటలో కోచింగు, సాయంత్రం నుంచి మా అబ్బా దుకాణం. కళ్ళు మూసుకొని కూర్చోవడానికి మాకు టైమెక్కడిది?" అని అడిగినాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వినాను. ఆ ప్రశ్న హాస్యానికి అడిగినది కాదని సనత్‌నగర్‌లో బస్సు దిగి ఇంటికి నడిచి పోతుండగా నాకు తోచింది. ఆనాడు సమాధానం చెప్పలేకపోయినాను. ఆ లోటును ఈ వ్యాసంలో కొంతవరకైనా తీర్చుకొనవలెనని నా ప్రయత్నం.

ధ్యానమనగానే మన మనస్సులో మెదిలే చిత్రం ఒకటే. చెట్టు నీడ, పద్మాసనం, మూసిన కన్నులు, చుట్టూ నిశ్శబ్దం. మనకు రెండు మూడు మైళ్ళ దూరంలో, హుస్సేన్‌సాగర్ మధ్యన 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠించిన ఏకశిలా విగ్రహాన్ని చూడండి. రాయిగిరి కొండరాతితో మలచిన ఆ బుద్ధుడు కూర్చున్నవాడు కాడు, నిలుచున్నవాడు. ఆ దారిన రోజూ పోయేవారిలో ఈ సంగతిని గమనించినవారు ఎందరు? నిలుచున్నవాడు కూడ ధ్యానంలో ఉండవచ్చునని బౌద్ధం స్పష్టంగా చెప్పింది. నడవడం, నిలవడం, కూర్చోవడం, పడుకోవడం అనే నాలుగు భంగిమలను పాలిలో 'ఇరియాపథాలు' అంటారు. నాలుగింటిలోనూ సాధన ఉన్నది. కూర్చోవడం వాటిలో ఒకటి మాత్రమే. కనుక సమయం లేని విద్యార్థికి ఈ మార్గం మూసివేయబడలేదు. నిజానికి అతని దినచర్య ఎంత నిండుగా ఉంటే అతనికి అన్ని అవకాశాలున్నవి.

ముందుగా మాటల సంగతి చూద్దాం. పాలిలో 'సతి', సంస్కృతంలో 'స్మృతి'. ఈ మాటకు జ్ఞాపకమని సామాన్యార్థం. కాని బౌద్ధ పరిభాషలో గతాన్ని తలచుకోవడం కంటె, జరుగుతున్నదానిని జరుగుతున్న క్షణంలోనే మరువకుండా ఉండడమనే అర్థం ప్రధానం. దీనికి జంటగా 'సంపజఞ్ఞం' అనే మరొక మాట వస్తుంది. సంస్కృతంలో సంప్రజన్యం. చేస్తున్న పనిని చక్కగా, సమగ్రంగా తెలుసుకొంటూ చేయడమని దాని భావం. తెలుగులో 'ఎరుక' ఉన్నది, 'మెలకువ' ఉన్నది. మన తెలంగాణ పల్లెల్లో 'సోయి' అనే చక్కని మాట ఉన్నది. పిల్లవాడు నీళ్ళ బిందె ఒలకబోసినప్పుడు అవ్వ "సోయి యాడ పెట్టినవు రా?" అని గద్దిస్తుంది. ఉర్దూ మిత్రులు దానినే 'హోష్' అంటారు. దీనికి విరుద్ధమైనది 'పరాకు'. వింత ఏమంటే, రాజసభలలో వందిమాగధులు "బహుపరాక్" అని కేక వేసేది సభవారిని జాగరూకులను చేయడానికే. ఏమరుపాటుకూ హెచ్చరికకూ ఒకే మాట ఉన్న భాష మనది.

ఈ సాధనకు తెలుగు నేలతో గల సంబంధం చాలమంది ఎరుగనిది. అమరావతి, నాగార్జునకొండ స్తూపాల గొప్పతనం మన పాఠ్యపుస్తకాలలో ఉన్నది. అంతకంటె ప్రాచీనమైన వృత్తాంతం ఒకటి సుత్తనిపాతంలోని పారాయణవగ్గంలో ఉన్నది. కోసల దేశంనుంచి దక్షిణాపథానికి వచ్చిన బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు అస్సక, ములక దేశాల సరిహద్దున గోదావరీ తీరంలో ఆశ్రమం కట్టుకొని నివసించేవాడు. అస్సక రాజధాని పోతన నేటి బోధన్ అని పండితుల అభిప్రాయం. బావరి ఆశ్రమస్థానం నిర్మల్ జిల్లాలో గోదావరి పాయల నడుమ ఉన్న బాదనకుర్తి అని కొందరు చరిత్రకారులు భావించినారు. బుద్ధుడు ఉత్తర దేశంలో సంచరిస్తున్నాడని విని బావరి తన శిష్యులు 16 మందిని పంపినాడు. వారు ప్రతిష్ఠానం, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తుల మీదుగా రాజగృహం చేరి ఒక్కొక్కరుగా ప్రశ్నలు వేసినారు.

వారిలో మొదటివాడు అజితుడు. లోకంలో ప్రవాహాలు అన్ని దిక్కులా పారుతున్నవి, వాటిని ఆపేది ఏది, మూసివేసేది ఏది అని అతని ప్రశ్నలలో ఒకటి. స్మృతి వాటికి అడ్డు నిలుస్తుంది, ప్రజ్ఞ వాటిని మూసివేస్తుంది అని బుద్ధుని సమాధానం. ప్రవాహాలంటే కన్ను, చెవి, నాలుక మొదలైన ద్వారాల గుండా విషయాల మీదికి ఉరికే మనస్సు, దాని తృష్ణ. గోదావరి ఒడ్డున పెరిగి వరదను కళ్ళారా చూచినవాడు కాకుంటే ఈ ప్రశ్న ఈ రూపంలో అడిగి ఉండడని నా ఊహ. చెరువు కట్ట తెగిన రాత్రి ఊరంతా పలుగు పారలతో పరుగెత్తడం మన పెద్దలు ఎరుగుదురు. కట్ట నీటితో పోట్లాడదు, ఉన్నచోట గట్టిగా ఉంటుంది. స్మృతి చేసే పని అటువంటిది.

ఇక మూలగ్రంథానికి వద్దాం. మజ్ఝిమనికాయంలోని పదవ సుత్తం సతిపట్ఠాన సుత్తం. దీని విస్తృత రూపం దీఘనికాయంలో 22వది. కురు దేశంలోని కమ్మాసధమ్మమనే పట్టణంలో బుద్ధుడు దీనిని ఉపదేశించినాడు. కాయం, వేదన, చిత్తం, ధర్మాలు అనే నాలుగింటిని గమనించడం ఇందలి విషయం. కాయానుపశ్యనలో ముందు శ్వాస వస్తుంది, తరువాత నాలుగు భంగిమలు, ఆ తరువాత సంప్రజన్య ప్రకరణం. ఆ ప్రకరణం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. ముందుకు పోవడం, వెనుకకు రావడం, ఎదుట చూడడం, ప్రక్కకు చూడడం, అవయవాలను ముడవడం, చాపడం, వస్త్రం ధరించడం, పాత్ర పట్టుకోవడం, తినడం, త్రాగడం, నమలడం, రుచి చూడడం, మలమూత్ర విసర్జన, నిద్రపోవడం, మేలుకోవడం, మాట్లాడడం, మౌనంగా ఉండడం - ఇవన్నీ సాధనకు క్షేత్రాలని అక్కడ ఉన్నది. పవిత్రమైన పనులు, అపవిత్రమైన పనులు అనే విభజన ఆ పట్టికలో లేదు. మరుగుదొడ్డి కూడ పట్టికకు వెలి కాలేదు.

ఈ సుత్తానికి వ్యాఖ్య వ్రాసినవాడు క్రీస్తు శకం 5వ శతాబ్దానికి చెందిన బుద్ధఘోషాచార్యుడు. సింహళంలోని అనురాధపుర మహావిహారంలో కూర్చుండి ప్రాచీన సింహళ వ్యాఖ్యలను పాలిలోనికి తెచ్చినాడు. ఆయన స్వస్థలం కృష్ణాతీరమని కొందరు పండితులు వాదించినారు. ఆ వివాదం మనకిప్పుడు అప్రస్తుతం. ఆయన సంప్రజన్యాన్ని నాలుగు విధాలుగా వివరించినాడు. మొదటిది సార్థక సంప్రజన్యం: అడుగు వేయకముందే ఈ అడుగు వల్ల ప్రయోజనమున్నదా అని తెలుసుకోవడం. రెండవది సప్పాయం, అనగా అనుకూలత. పని మంచిదే కావచ్చు, ఈ వేళకు, ఈ చోటికి తగినదా? చైత్యదర్శనం మంచిదే గాని జనం త్రొక్కిడిగా ఉన్న ఉత్సవంలో అది తగకపోవచ్చునని ఆయనే ఉదాహరణ ఇచ్చినాడు. మూడవది గోచరం: ఎంచుకొన్న ధ్యానవిషయాన్ని రాకపోకలలోనూ విడువకుండా ఉండడం. నాలుగవది అసమ్మోహం: 'నేను' చేస్తున్నానని భ్రమపడక, సంకల్పం పుట్టింది, దానివల్ల చేయి కదిలింది అని ఉన్నదున్నట్లు చూడడం. నాలుగవది కఠినం. దానిని గురించి చెప్పే అధికారం నాకు లేదు కనుక ఇంతటితో వదలుతున్నాను.

మూడవదానిని గురించి ఆ వ్యాఖ్యలో ఒక చక్కని కథ ఉన్నది. ఒక వృద్ధ భిక్షువు శిష్యులతో మాట్లాడుతూ ఉన్నట్టుండి చేతిని ముడిచినాడు. వెంటనే ఆ చేతిని తిరిగి యథాస్థానంలో పెట్టి, మళ్ళీ నెమ్మదిగా ముడిచినాడు. శిష్యులు విస్తుపోయి కారణమడిగినారు. సాధన మొదలుపెట్టిన నాటినుంచి ధ్యానవిషయాన్ని విడిచి ఈ చేతిని ఎన్నడూ ముడవలేదు, ఇప్పుడు మీతో మాటలలో పడి ముడిచినాను, అందుకని మళ్ళీ మొదటినుంచి చేసినాను అని ఆయన చెప్పినాడు. ఆయన తనను తాను నిందించుకోలేదు, శిష్యులముందు సిగ్గుపడనూ లేదు. తప్పిన పనిని మరల చేసినాడు, అంతే. విద్యార్థులు ఈ కథలో ఈ అంశాన్ని ముఖ్యంగా గ్రహించవలెను. మనమైతే ఒకసారి పరాకు పడితే దానికి పది నిమిషాలు చింతిస్తూ మరింత పరాకు పడతాము.

భిక్షువుల సంగతి సరే, గృహస్థుల మాటేమిటి? ఇక్కడ మన నాగార్జునాచార్యుడు అక్కరకు వస్తాడు. ఆయన తన మిత్రుడైన శాతవాహన ప్రభువుకు వ్రాసిన లేఖ 'సుహృల్లేఖ'. సంస్కృత మూలం నశించింది, టిబెటన్, చీనా అనువాదాలలో మిగిలింది. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగ్ ఈ లేఖను భారతదేశంలో విద్యార్థులు తొలిదశలోనే కంఠస్థం చేసేవారని వ్రాసినాడు. వేయి సంవత్సరాలకు పూర్వం పిల్లల నోట నానిన ఈ పుస్తకం పేరు నేడు పట్టభద్రులకు కూడ తెలియదు. ఆ లేఖలో ఆహారాన్ని మందువలె తీసుకొమ్మని, ఇష్టంతో ఎగబడక, అయిష్టంతో విసుక్కొనక, దేహధారణ కొరకు భుజించమని ఆచార్యుడు రాజుకు చెప్పినాడు. రాత్రి మొదటి జామాన్నీ చివరి జామాన్నీ మేల్కొని గడిపి, నడిమి వేళ నిద్రపోయేటప్పుడు కూడ స్మృతితో నిద్రించితే ఆ నిద్ర సైతం వ్యర్థం కాదన్నాడు. స్మృతి జారిపోతే ధర్మాలన్నీ జారిపోతాయని హెచ్చరించినాడు. వ్రాసింది ఎవరికి? యుద్ధాలు, పన్నులు, అంతఃపురం, మంత్రుల తగవులు ఉన్న రాజుకు. నా విద్యార్థి దుకాణం ఆ రాజ్యం కంటె పెద్దదేమీ కాదు గదా!

ఇంతవరకు చెప్పింది పుస్తకాల మాట. నా అనుభవం కొంత చెప్పకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు.

కొన్ని సంవత్సరాల క్రిందట నాగార్జునసాగర్ రహదారి మీద, వనస్థలిపురం దాటిన తరువాత ఉన్న ధమ్మఖేత్త విపశ్యన కేంద్రంలో పది రోజుల శిబిరానికి వెళ్ళినాను. సత్యనారాయణ గోయెంకా గారి బోధనలను అనుసరించి 1976లో నెలకొన్న కేంద్రమది. మాండలేలో పుట్టి, బర్మాలో వ్యాపారం చేసి, 1969లో భారతదేశానికి వచ్చి, 2013లో కీర్తిశేషులైన గోయెంకా గారి పేరు మీలో కొందరు వినియుందురు. పది రోజులూ మౌనం. శ్వాసను, దేహంలోని వేదనలను గమనించడం. చివరినాటికి నా మనస్సు ఎంత తేటపడిందంటే, నేనొక మెట్టు ఎక్కినానని గట్టి నమ్మకం కలిగింది. సంచీ భుజాన వేసుకొని బస్సు ఎక్కినాను. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి చిల్లర విషయమై కండక్టరుతో జగడం. రెండు రూపాయల కొరకు నేను వాడిన మాటలను ఇక్కడ వ్రాయలేను. ప్రక్క సీటులోని పెద్దాయన "పోనీండి సార్, చదువుకున్నోళ్ళు" అన్నాడు. పది రోజుల తేట నీరు గంట తిరగకముందే బురద అయింది.

బుద్ధఘోషుడు భిక్షువులను వర్గీకరిస్తూ, ధ్యానవిషయాన్ని వెంట తీసుకొని ఊళ్ళోకి పోయి, తిరిగి తీసుకొని రానివాడు ఒకడు ఉంటాడని వ్రాసినాడు. ఆ వాక్యం తరువాత చదివినప్పుడు అది నన్ను గురించే వ్రాసినట్లున్నది. నేను దిల్‌సుఖ్‌నగర్ దాకా కూడ తీసుకొనిపోలేదు. తప్పు శిబిరానిది కాదు. కూర్చున్నప్పటి పని వేరు, లేచిన తరువాతి పని వేరు అని నేను గీసుకొన్న గీతదే ఆ తప్పు.

అప్పటినుంచి ఒక చిన్న పని పెట్టుకొన్నాను. మా ఇంట్లో రాత్రి గిన్నెలు కడిగే బాధ్యత నాది. అంతకుముందు ఒక చేత్తో గిన్నె తోముతూ, బుద్ధిలో రేపటి పాఠమో, ఆనాటి మాటపట్టింపో నడిపేవాణ్ణి. ఇప్పుడు నల్లా తిప్పిన క్షణంనుంచి చివరి గిన్నె బోర్లించేవరకు అదే పని. నీటి చల్లదనం, పీచు గరుకు, అడుగంటిన అన్నం మొండితనం, మధ్యలో "ఈ పని ఎప్పుడు ముగుస్తుందో" అనే విసుగు - అది కూడ గమనించదగినదే. వియత్నాం బౌద్ధ భిక్షువు తిక్ న్యాట్ హాన్ (1926-2022) ఈ విషయాన్నే 1974లో, యుద్ధకాలంలో, తమ దేశంలోని సమాజసేవా పాఠశాల కార్యకర్తకు ఒక దీర్ఘలేఖగా వ్రాసినాడు. గిన్నెలు కడిగేటప్పుడు తరువాత త్రాగబోయే టీ మీద ధ్యాస ఉంటే, టీ త్రాగేటప్పుడు మరొకదాని మీద ఉంటుందని ఆయన అభిప్రాయం. ఆ లేఖ అందుకొన్నవారు ఆశ్రమవాసులు కారు. బాంబులు పడిన పల్లెలను తిరిగి కట్టే యువకులు. నాగార్జునుడిదీ లేఖయే, ఈయనదీ లేఖయే. ఇద్దరూ పని మధ్యలో ఉన్న మిత్రులకు వ్రాసినారు.

కార్యాలయాలలో పనిచేయబోయే కామర్సు విద్యార్థులకు మరొక పేరు చెబుతాను. గోయెంకా గారి గురువు సయాజీ ఊ బా ఖిన్ (1899-1971) సన్న్యాసి కాదు. 1948లో స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్ అయిన ఉద్యోగి. ఆయనకు ఈ విద్య నేర్పిన సయా తెట్‌జీ ఒక రైతు. ఊ బా ఖిన్ తన కార్యాలయంలోని ఉద్యోగులకే సాధన నేర్పినాడు. 1952లో రంగూన్‌లో ధ్యానకేంద్రం స్థాపించిన తరువాత కూడ చాలాకాలం ప్రభుత్వోద్యోగం చేసినాడు. లెక్కల పద్దులకూ ధ్యానానికీ ఆయన దృష్టిలో వైరం లేదు.

జనసమ్మర్దంలో ఇది సాధ్యమా అనే శంకకు సంయుత్తనికాయంలో ఒక దృష్టాంతం ఉన్నది. దేశంలోకెల్ల సుందరి అయిన నర్తకి ఆడుతూ పాడుతూ ఉన్నది. జనం మూగినారు. ఆ జనానికీ నర్తకికీ నడుమగా ఒకడు అంచుదాకా నిండిన నూనెపాత్ర మోసుకొని పోవలెను. వెనుక కత్తి దూసినవాడు నడుస్తున్నాడు, ఒక్క చుక్క ఒలికితే తల తెగుతుంది. ఆ మనిషి పాత్రను మరచి ప్రక్కకు చూస్తాడా అని బుద్ధుని ప్రశ్న. ఈ దృశ్యాన్ని మనం ఊహించనక్కరలేదు. ఆషాఢమాసంలో బల్కంపేట ఎల్లమ్మ గుడి వీధిలో నిలబడితే చాలు. డప్పుల మోత, పోతరాజుల చిందులు, పోలీసుల ఈలలు - వాటి నడుమ తలమీద బోనం, బోనం మీద వెలిగే దీపం పెట్టుకొని ఆడబిడ్డలు నడుస్తుంటారు. మెడ కదలదు. కాలు వేసే చోటు కంటితో చూడకుండానే పాదానికి తెలుస్తుంది. ఉత్సవం లేని రోజున ఇరానీ హోటలుకు పోండి. నాలుగు కప్పుల చాయ్ ఒక చేత పట్టుకొని బల్లల సందుల్లోంచి పోయే పిల్లవాణ్ణి చూడండి. గదమాయింపులు వింటూనే ఉంటాడు, సమాధానం చెబుతూనే ఉంటాడు, సాసరులో చుక్క పడదు. మన సనత్‌నగర్ పారిశ్రామికవాడలో లేతు మిషను ముందు నిలబడే కార్మికుణ్ణి అడిగితే, పరాకు వెల ఎన్ని వేళ్ళో అతడు చెప్పగలడు.

ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ భావం క్రొత్తది కాదు. బుఖారా ప్రాంతానికి చెందిన ఖ్వాజా అబ్దుల్ ఖాలిక్ గిజ్దువానీ పేరున నఖ్ష్‌బందీ సూఫీలలో పరంపరగా వస్తున్న ఎనిమిది సూత్రాలు ఉన్నవి. 'హోష్ దర్ దమ్' - ఊపిరిలో ఎరుక. 'నజర్ బర్ ఖదమ్' - అడుగు మీద చూపు. 'ఖల్వత్ దర్ అంజుమన్' - సభ నడుమ ఏకాంతం. ఈ మూడవది అమీర్‌పేట మెట్రో స్టేషనులో సాయంత్రం ఆరు గంటలకు రైలు మారేవారి కొరకే చెప్పినట్లుంటుంది. అయితే రెండూ ఒకటేనని నేను అనడం లేదు. సూఫీ ఎరుక దైవస్మరణకు దారి. బౌద్ధ స్మృతి అనిత్యతను, తృష్ణను ఉన్నదున్నట్లు చూడడానికి దారి. గమ్యాలు వేరు. బయలుదేరేటప్పుడు పాదం మీద చూపు నిలపడం మాత్రం ఇద్దరికీ సమానం.

ఒక హెచ్చరిక అవసరం. నేడు స్మృతిసాధన ఒక సరుకుగా అమ్ముడుపోతున్నది. మార్కులు పెరుగుతాయని, ఉద్యోగులు ఎక్కువ పని చేస్తారని ప్రకటనలు వస్తున్నవి. ఏకాగ్రత మాత్రమే ఘనకార్యమైతే జేబుదొంగ మన అందరికంటె పెద్ద సాధకుడు. అతని వేలికొసలలో ఉన్న మెలకువ నాకు జీవితంలో రాలేదు. అందుకే బౌద్ధం వట్టి సతి అనక 'సమ్మాసతి' అన్నది. అష్టాంగమార్గంలో అది ఏడవది. దానికంటె ముందు సరియైన మాట, సరియైన పని, సరియైన జీవనోపాధి ఉన్నవి. వాటిని విడిచి ఏడవదానిని మాత్రం పెరికి తెచ్చి కుండీలో నాటితే అది ఆ మొక్క కాదు. మరొకటి: తీవ్రమైన దిగులుతో నిద్ర లేక బాధపడే విద్యార్థి ఈ వ్యాసం చదివి ఊరుకొనరాదు. ఇంట్లో పెద్దలకు చెప్పి వైద్యుని దగ్గరకు పోవలెను. శ్వాసను గమనించడం మందుకు ప్రత్యామ్నాయం కాదు.

మరి పరాకు వల్ల పోయేదేమిటి? నూనె చుక్క, రెండు రూపాయలు, చేతి వేలు - ఇవి చెప్పినాను. మరొకటి కూడ చెప్పవలెను. ఇది వ్రాయాలా వద్దా అని చాలసేపు ఆలోచించినాను.

కొంతకాలం క్రిందట, పరీక్షల రోజుల్లో, అధ్యాపకుల గదిలో జవాబుపత్రాలు లెక్కపెడుతున్నాను. ఒక విద్యార్థిని వచ్చి బల్ల ప్రక్కన నిలబడింది. "ఊఁ, చెప్పమ్మా" అన్నాను, తల ఎత్తలేదు. ఆమె ఏదో మొదలుపెట్టింది. నేను లెక్క తప్పుతుందని వేలు ఎత్తి ఆగమన్నాను. లెక్క ముగించి తల ఎత్తేసరికి "ఏం లేదు సార్" అని వెళ్ళిపోయింది. తరువాతి వారంనుంచి తరగతికి రాలేదు. తండ్రికి పని పోయిందని, చదువు మాన్పించి ఊరికి తీసుకొనిపోయినారని, ఫీజు గడువు గురించి మాట్లాడడానికి ఆనాడు నా దగ్గరకు వచ్చిందని నెల తరువాత ఆమె స్నేహితురాలు చెప్పింది. గడువు ఇప్పించడం నాకు కష్టమైన పని కాదు. ఆనాటి పత్రాలు నలభై మూడు అని నాకు గుర్తున్నది. ఆమె ముఖం గుర్తు లేదు. నేను చూడలేదు గనుక గుర్తుండే అవకాశం లేదు.

సుత్తంలోని పట్టికలో 'మాట్లాడడం', 'మౌనంగా ఉండడం' చివరన ఎందుకున్నవో నాకు ఆ తరువాత కొంత అర్థమైంది. మిగిలినవన్నీ ఒంటరిగా చేసే పనులు, ఇక్కడికి వచ్చేసరికి ఎదుట మరొక మనిషి ఉంటాడు. మన అమీర్‌పేటలో పెద్ద కూడలి పక్కన ఉన్న సముదాయానికి 'మైత్రీవనం' అని పేరు. ఆ పేరు పెట్టినవారి ఉద్దేశమేమో గాని, బౌద్ధంలో మైత్రి, స్మృతి రెండూ చేయి పట్టుకొని నడుస్తాయి. ఎదుటివారిని చూడనివాడు వారికి మిత్రుడెట్లా అవుతాడు?

ఇక సాధన ఎట్లా మొదలుపెట్టాలి అన్నదానికి వస్తాను. రోజంతా స్మృతితో ఉండాలని సంకల్పించిన వాడు సాయంత్రానికి విసిగి మానుకొంటాడు. ఒక్క పనిని ఎంచుకోండి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచిన తరువాత మొదటి మూడు ముద్దలు చాలు. ముద్ద చేతిలో ఉండగా తెలియవలెను, నోటిలో ఉండగా తెలియవలెను, మ్రింగినట్లు తెలియవలెను. నాలుగవ ముద్దనుంచి స్నేహితులతో మాట్లాడుకోండి. లేదా కుడిచేయి ఫోను కొరకు జేబులోకి పోయే క్షణాన్ని పట్టుకొనండి. తీయవద్దనడం లేదు. చేయి కదిలిన సంగతి చేరేముందే తెలిసిందా లేదా అన్నదే పరీక్ష. నా లెక్కలో పదింట ఏడుసార్లు తీసిన తరువాత గాని తెలియడం లేదు. మనస్సు జారినప్పుడు జారిందని గుర్తించి, ఆ వృద్ధభిక్షువు చేతిని తిరిగి పెట్టినట్లు, పనిని మళ్ళీ అందుకోవలెను. తిట్టుకోవడానికి అక్కడ తావు లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ధ్యానమందిరం కావాలని నేను అడగడం లేదు, నిధుల ప్రసక్తి అసలే లేదు. గంట కొట్టిన తరువాత హాజరు పిలవడానికి ముందు ఒక్క నిమిషం అధ్యాపకులు, విద్యార్థులు ఊరక కూర్చుండే ఏర్పాటు చేస్తే ఎట్లుంటుందో పరిశీలించగోరుతున్నాను. ఆ నిమిషంలో ఎవరి మతం వారిది, ఎవరి స్మరణ వారిది. ఏదీ స్మరించనివారు శ్వాసను చూచుకొనవచ్చు. హాజరు పిలిచేటప్పుడు పేరు చదివి తల ఎత్తి ముఖం చూచే అలవాటు నావంతుగా ఈ సంవత్సరం ఆరంభించినాను. దీనివల్ల హాజరుకు మూడు నిమిషాలు ఎక్కువ పడుతున్నది.

ప్రశ్న అడిగిన విద్యార్థికి ఈ వ్యాసం ముసాయిదా చూపించినాను. అతడు చదివి, "సార్, దుకాణంలో నేను రోజూ త్రాసు పట్టుకొంటాను. ముల్లు నిలిచేవరకు చూడాల్సిందే. అది లెక్కకు వస్తుందా?" అన్నాడు. వస్తుందని చెప్పినాను. తరువాత ఇద్దరమూ కలిసి క్రిందికి దిగినాము. మా కళాశాల మెట్లు ఇరవై రెండు, ఒక్కొక్క మెట్టు తెలిసి దిగుదామని పందెం వేసుకొన్నాము. అతడు పద్నాలుగవ మెట్టుదాకా వచ్చినానన్నాడు. నాకు తొమ్మిదవ మెట్టు మీద ఈ వ్యాసానికి పేరేమి పెట్టాలా అనే ఆలోచన వచ్చింది, మిగిలిన మెట్లు ఎట్లా దిగినానో తెలియదు.